కొత్త వలకి నా మెచ్చుకోలు

నా చిన్నతనంలో, అరవైల చివర్లో, సముద్రపు ఒడ్డున భావనపాడులో, చేపలు పట్టే మా మావయ్య ఇంట ఉండి చదువుకునేదాన్ని. అప్పట్లో నాకు కాలూ నిలిచేది కాదు, నోరూ నిలిచేది కాదు. ఒకనాడు బడిలో ఇంగ్లీషు మాస్టారు నా చేతిరాత చూసి ‘నైస్’ అన్నారు. బాగుందని అర్థమట. ఇంకేముంది, కనిపించినదాన్నల్లా నైస్ అంటూ ఊరంతా తిరిగాను.

మర్నాడు పొద్దున్నే మావయ్య కొత్త వలతో మొదటిసారి వేటకి బయలుదేరాడు. వానాకాలమంతా అత్తా తనూ కూర్చుని అల్లిన వల అది. పడవని నీళ్లలోకి తోస్తుంటే నేను ఒడ్డున గెంతుతూ, “మావా, నీ వల నైస్! అంటే శానా బాగున్నాదని!” అని అరిచాను.

మా వాళ్లలో వేటకెళ్లే వలని ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకుంటే దిష్టి తగిలి వల ఖాళీగా వస్తుందని, ఒక్కోసారి మనిషే రాడని భయం. తెలిసి కూడా నోరు జారాను.

“ఎంత పని సేసినావే! నాను ఈయేల ఎల్లను,” అంటూ మావయ్య ఇసుకలో కూలబడ్డాడు. మిగతా పడవలు వెళ్లిపోతున్నాయి. మా ఇంట్లో వారం నుంచీ గంజే. అత్త ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ఇంటివైపు తిరిగింది. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

ఆ మాట నేర్పిన మాస్టారే దీనికి దారి చెప్పాలని, పరుగెత్తుకెళ్లి ఆయన్ని లాక్కొచ్చాను. ఆయన మావయ్య పక్కనే ఇసుకలో కూర్చున్నారు. ఆ మాట లాటిన్ నుంచి వచ్చిందని, మొదట్లో ఏమీ తెలియనివాణ్ణి అలా అనేవారని, ఇంగ్లీషువాళ్లు కూడా చాలాకాలం తెలివితక్కువవాణ్ణే నైస్ అన్నారని, నాజూకు, బాగు అనే అర్థాలు తర్వాతెప్పుడో అంటుకున్నాయని నిదానంగా చెప్పారు.

“అంటే ఇది నా వలని తిట్టినట్టా బాబూ?” అన్నాడు మావయ్య.

“పుట్టుకని బట్టి చూస్తే తిట్టే,” అన్నారు మాస్టారు. తిట్టినదానికి దిష్టి తగలదు. మావయ్య నవ్వేసి పడవెక్కాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను మెచ్చుకునే అన్నానని నాకు తెలుసు కదా! ఆ పగలంతా గంజి ముట్టకుండా, కాలు కాలిన పిల్లిలా ఒడ్డు వెంట తిరిగాను. సాయంత్రం పడవ కనిపించాకే ఏడుపొచ్చింది. దొరికింది ఒక బుట్టెడు చేపలే. మావయ్య మాత్రం నవ్వుతూ దిగాడు.

దిష్టి మీద నాకిప్పుడు నమ్మకం లేదు. అయినా నా పిల్లలు ప్రయాణమై గుమ్మం దాటుతుంటే ఎంత ముచ్చటేసినా నోరు విప్పను. వాళ్లు క్షేమంగా తిరిగొచ్చి చెప్పులు విడిచాక, అప్పుడు నోరారా మెచ్చుకుంటాను.