సంచిలో కుక్క

పిల్లల సినిమాలకు తెలుగు గొంతు ఇవ్వడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. కామాటిపురలో మేముండే ఒంటిగది ఇళ్ల వరస, మా చాల్ నుంచి గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా నడిచి, లోకల్ రైలు పట్టుకుని అంధేరీలోని స్టూడియోకు వెళ్తాను. నాకు దొరికేవి ఎప్పుడూ జంతువులే. మేక, చిలుక, ఒకసారి పంది. మొదట్లో గలగలా మాట్లాడతాయి. విలన్ చేతికి చిక్కగానే మూతికి టేపు పడుతుంది. ఆ తర్వాత నాకు మిగిలేది మూలుగే.

మొన్న కుక్క వచ్చింది. విలన్ దాన్ని గోనెసంచిలో వేసి కట్టి, కాలితో తన్నుతాడు. సర్కస్‌కు అమ్ముకోవాలని అతని ఆశ. మాట్లాడుతుందనే దానికి ధర. అయినా అది ఏం చెబుతుందో ఒక్కసారీ వినడు.

"కుయ్యోమనండి," అన్నాడు డబ్బింగ్ డైరెక్టర్. విజయవాడ మనిషి.

అన్నాను.

"నవ్వు రాలేదమ్మా. మళ్లీ."

తొమ్మిదోసారికి గొంతు బొంగురుపోయింది.

"తన్నులు తింటుంటే నవ్వెట్ల వస్తది సార్?"

"కామెడీ సినిమా అమ్మా. పిల్లలు జడుసుకోకూడదు."

అప్పుడు తట్టింది. సంచిలో ఉన్న కుక్క నోరు తెర మీద కనబడదు. ఏ మాటైనా పట్టించొచ్చు. పదోసారి రికార్డింగ్ లైటు వెలగగానే మా గల్లీ ఆడవాళ్లు అరిచినట్టే అరిచాను.

"అరే ఓ! తన్నుడు బంద్ చెయ్! నీ అసొంటోళ్లను శంభర్ మందిని చూసిన!"

డైరెక్టర్ పగలబడి నవ్వాడు. తర్వాత, "శంభర్ అంటే ఏంటమ్మా?" అన్నాడు.

"వంద సార్, మరాఠీల. మా ఇండ్లల్ల గట్లనే అంటం."

"అది తెలుగు కాదు కదా. తీసేద్దాం."

"అయితే వందనే అంట."

"వద్దులేమ్మా. ఒరిజినల్ సినిమాలో ఇక్కడ కుక్క ఏమీ అనదు."

ఆ మాట ముందే చెప్పొచ్చుగా! పళ్లు బిగబట్టి పదకొండోసారి కుయ్యోమన్నాను. అదే ఖాయం చేశారు.

సినిమా వచ్చాక మా తొమ్మిదేళ్ల బిడ్డ ఫోన్‌లో చూసింది.

"మమ్మీ, దీనికి మాట్లాడొస్తది కదా, ఇప్పుడు చుప్ ఎందుకున్నది?"

"మాట్లాడింది బిడ్డా. కోసేసిన్రు."

నమ్మలేదు. హిందీలోనైనా ఏమందో వింటానని భాష మార్చి, అదే సీను మళ్లీ పెట్టింది. అక్కడా మూలుగే. ఆ హిందీ గొంతు ఎవరిదో నాకు తెలియదు. ఆమె చేత ఎన్నిసార్లు అనిపించారో.