రెండో తరగతి బేరం

మా అమ్మాయికి ఒకటో తరగతి ఎగరగొట్టించి, నేరుగా రెండో తరగతిలో కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేను. మిర్యాలగూడలో అంత పేరున్న బడిని ఏప్రిల్ ఎండలో నా స్టీలు సామాన్ల దుకాణానికి రప్పించి, గల్లా ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, చెమటలు పట్టించి ఒప్పించాను. ఫీజులో పైసా తగ్గదన్నవాళ్ళు చివరికి ఏకంగా ఏడాదే తగ్గించారు. ఆ సాయంత్రం బజారులో నా నడక చూడాల్సింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా దుకాణం వెనక ఈ మధ్య ఇంకో బడి వెలిసింది. కింద టైర్ల షాపు, పైన బడి. నేను షట్టరు ఎత్తే వేళకు పైన ఎక్కాలు మొదలవుతాయి. గదినిండా గొంతులు, ఒకటే రాగం, పదమూడో ఎక్కం. ఆ గొంతుల సన్నదనం వింటేనే తెలుస్తుంది, వాళ్ళకు ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదని. వేడెక్కిన రబ్బరు వాసనతో కలిసి ఆ పాట మీద పడుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మంటలోనే రూతు టీచరు గుర్తొస్తారు.

రూతు టీచరు సూర్యాపేటలో మాకు మూడో తరగతి చెప్పారు. మార్కెట్ వెనక సర్కారు బడి, రేకుల గది, గాలి వీస్తే మిరపకాయల ఘాటు. మా నాన్న కిరాణా దుకాణం ఆ వీధిలోనే. తరగతిలో సగం మందిమి దుకాణదారుల పిల్లలమే కాబట్టి మాకు చిల్లర లెక్క ముందు వచ్చింది, అక్షరాలు తర్వాత వచ్చాయి. సిగ్గు ఇంకా రావాల్సి ఉంది. టీచరుది కోదాడ. మాట కొంచెం ఆంధ్రా వైపు ఒరిగేది. మేం ‘గాడ’ అనేచోట ఆవిడ ‘అక్కడ’ అంటే వెనక వరసలో నవ్వుకునేవాళ్ళం. పొట్టి మనిషి, పెద్ద కళ్ళజోడు. చేతిలో బెత్తం ఉండేది కాదు. బెత్తానికి బదులు ఒక ప్రశ్న ఉండేది: “ఎట్లా వచ్చింది నీకు?” జవాబు తప్పయితే అడగొచ్చు, న్యాయమే. ఒప్పయినా అడిగేవారు. సరుకు ఇచ్చేశాక, డబ్బు పుచ్చుకున్నాక, ఇంకా ఈ ఆరా ఏమిటని నాకు చిరాకు.

ఒకసారి పక్కవాడి పలకలో చూసి జవాబు దించేశాను. ఎట్లా వచ్చిందని అడిగితే మనసులో చేశానన్నాను. ఆ మనసులో ఏం చేశావో చెప్పమన్నారు. మనసంతా వెతికినా అక్కడ పక్కవాడి పలక తప్ప ఏమీ కనబడలేదు. అదే రోజు ఒక అమ్మాయి జవాబు తప్పు చెప్పింది గానీ, ఎక్కడ మొదలుపెట్టిందో ఎటు పోయిందో దారంతా వివరించింది. ఆ అమ్మాయికి మార్కు పడింది. ఒప్పు జవాబు చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకు సున్నా. ఇదెక్కడి అన్యాయమని బేరానికి దిగాను.

“అర మార్కన్నా ఇయ్యుండ్రి టీచర్.”

“ఇస్తాను. అర లెక్కన్నా చెప్పు.”

సరేనని సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చున్నాను. సగం లెక్క చేసేసరికి మిగతా సగం దానంతటదే వచ్చి కూర్చుంది. నా జీవితంలో ఓడిపోయి లాభపడిన బేరం అదొక్కటే. అప్పుడు ఆ సంగతి తెలియలేదు. టీచరు గడుసుదని మాత్రం తెలిసింది.

మా నాన్నకు ఆవిడ పద్ధతి బొత్తిగా నచ్చలేదు. అవతలి బడి పిల్లలు ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెబుతుంటే నేను పదో ఎక్కం దగ్గర చింతగింజలు కుప్పలు పోస్తున్నాను. ఒకనాడు దుకాణం నౌకరుకు అప్పగించి నాన్న బడికొచ్చారు. అందరి ముందూ, ఉద్దెర ఎగ్గొట్టినవాణ్ణి నిలదీసే గొంతుతో అడిగారు.

“టీచరమ్మా, మా పోరడు రోజూ నవ్వుకుంట ఇంటికొస్తుండు. గీడ సదువు చెప్తున్నరా లేదా?”

టీచరు కోపగించుకోలేదు. నవ్వుతూ వస్తున్నాడంటే ఈ వారం సరిగ్గానే చెప్పానన్నమాట అన్నారు. నాన్న ఇంటికెళ్ళి ఆమెకు బుద్ధి లేదని తేల్చారు. నేను చాలా ఏళ్ళు నాన్న మాటే నమ్మాను. నమ్మబట్టే మేఘన విషయంలో ఆ పని చేశాను.

మేఘన మా ఒక్కగానొక్క కూతురు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ దుకాణంలో గల్లా పక్కన కూర్చోబెట్టి ఎక్కాలు నేర్పించాను. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు చదివించేవాణ్ణి. మా బజారులో ఇదొక అలవాటు. సరుకు పక్కన పిల్లల్ని కూడా ప్రదర్శనకు పెడతాం. పాప పన్నెండో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెబితే కొనేవాళ్ళు బుగ్గ గిల్లి, కుక్కరు ధర గురించి గీసిగీసి అడగడం మరిచిపోయేవారు. ఆ ఏప్రిల్‌లో అడ్మిషన్ల కోసం తిరుగుతున్న బడి పీఆర్వో ఈ తతంగమంతా చూశాడు. ఫీజు తన చేతిలో లేదన్నాడు. నేను వేరే బడి పేరెత్తాను. అతను లేచాడు, నేను చాయ్ తెప్పించాను, మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు నేనే అన్నాను, ఇంత వచ్చిన పిల్లకు ఒకటో తరగతి ఎందుకని. అతని ముఖం వెలిగింది.

“గట్లయితే డైరెక్ట్ సెకండ్‌ల ఏపిస్త అన్నా. ఒక ఏడాది ఫీజు మిగిలినట్టే గద.”

ఇంటికెళ్ళి విజయగాథ వినిపిస్తే నా భార్య లత బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “అది ఇంకా ఎడమ చెప్పు కుడి కాలికి ఏసుకుంటది. రెండో తరగతి ఏందయ్యా?” అంది. దుకాణం సంగతులు ఆమెకు తెలియవన్నాను. పిల్ల సంగతులు నాకు తెలుసా అన్న ప్రశ్న ఆమె అడగలేదు. అడిగినా వినే స్థితిలో లేను.

దసరా వచ్చేసరికి మేఘన యూనిఫారం కాలరు నమిలి నమిలి పీలికలు చేసింది. రోజూ పొద్దున కడుపునొప్పి. దవాఖానలో చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నారు. నాలుగు గీతల మధ్య అక్షరం ఇమడ్చడానికి దాని వేళ్ళు ఇంకా గట్టిపడలేదు. రాయలేకపోతే ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టి రాయించేవాళ్ళు. ఆ వయసు పిల్లకు వేళ్ళు గట్టిపడేది ఆడుకుంటేనే కదా అని అక్కడ ఒక్కరికీ తోచలేదు. తర్వాత వెనకబడ్డవాళ్ళ సెక్షన్‌లోకి మార్చారు. ఆ సెక్షన్‌కు ఒక పువ్వు పేరు పెట్టారు. పిల్లలకు తెలియదనుకున్నారు కాబోలు. మొదటి రోజే మేఘన ఇంటికొచ్చి, “మాది రానోళ్ళ క్లాసు” అని చెప్పి పడుకుంది.

అప్పుడు మేఘనను తీసుకుని కోదాడ వెళ్ళాను. రూతు టీచరు రిటైరై అక్కడే ఉంటున్నారు. బడివాళ్ళు పిల్లను పై తరగతిలో వేశారనీ, సెలవుల్లో నాలుగు ముక్కలు చెప్పి గాడిలో పెట్టాలనీ అడిగాను. ‘బడివాళ్ళు వేశారు’ అనే అన్నాను, నేను వేయించానని అనలేదు. టీచరు పుస్తకం తీయలేదు. వసారాలో చాప వేసి, చింతగింజలు పోసి, నాలుగు మూళ్ళు ఎంత అని అడిగారు. పన్నెండని మేఘన ఠక్కున చెప్పింది. నేను గర్వంగా సర్దుకుని కూర్చున్నాను. మనం నలుగురం అనుకో, తలా మూడు గింజలు పెట్టు అన్నారు. పెట్టింది. అన్నీ కలిపి ఎన్ని పెట్టావని అడిగితే ఒక్కొక్కటే లెక్కబెడుతూ మధ్యలో తడబడి ఆగిపోయింది. నాలుగు మూళ్ళెంత అని మళ్ళీ అడిగారు. పన్నెండు. మరి ఈ గింజలు?

“తెల్వదు.”

అది చెప్పి మేఘన కాలరు నోట్లో పెట్టుకుంది. టీచరు ఆ కాలరు లాగలేదు. రెండు వరసల్లో సమానంగా గింజలు పేర్చి, ఒక వరసలో గింజల్ని ఎడంఎడంగా జరిపి, ఏది ఎక్కువ అన్నారు. పొడుగు వరసను చూపించింది. నేను ఉండబట్టలేక ఇంత కూడా తెలియదా అని అరిచాను. టీచరు నా వైపు తిరిగిన తీరుకు మళ్ళీ మూడో తరగతికి వచ్చినట్టయింది.

“ఈ వయసులో కన్ను చెప్పిందే లెక్క, సీనూ. దానికి దొరికిన జవాబు అది చెప్పింది. దాన్ని అరిచి మార్చలేవు. గింజలు దాని చేతిలో ఆడీ ఆడీ అదే మారుతుంది. ఎక్కం పాటలాగా వచ్చింది, లెక్కలాగా ఇంకా రాలేదు. దీన్ని ఒకటో తరగతికి పంపించు.”

ఏడాది మధ్యలో ఎట్లా అన్నాను. వచ్చే ఏడాది చూద్దామన్నాను. పోనీ రెండో తరగతిలోనే ఉంచి సాయంత్రాలు ఒకటో తరగతి చెప్పిస్తానన్నాను. నా దగ్గరున్న బేరాలన్నీ ఆ చాప మీద పరిచాను. ఆవిడ ఒక్కటీ ముట్టుకోకుండా, మీ బడికి నేనూ వస్తానన్నారు.

బడిలో ఏసీ గది, అద్దాల బల్ల, మెడలో టై కట్టుకున్న ప్రిన్సిపాల్. వెనక్కి వేయడం తమ సిస్టంలో లేదన్నాడు. పాప కొంచెం స్లో, ఎక్స్‌ట్రా అవర్స్ పెడితే పికప్ అయిపోతుందన్నాడు. మేఘన అక్కడే నిలబడి ఉంది. టీచరు చేతిలోని సంచీ తీసి ఆ అద్దాల బల్ల మీద పెట్టారు.

“స్లో కాదండీ. ఐదున్నరేళ్ళ పిల్ల ఐదున్నరేళ్ళ పిల్లలాగే ఉంది.”

అతను నవ్వి, మేడం ఏ గవర్నమెంట్ స్కూల్లో చేశారని అడిగాడు. ఆ నవ్వు చూసి నేను బల్ల మీద చెయ్యి వేసి లేచాను. మీరే నా పిల్లను నాశనం చేశారని మొదలుపెట్టాను. అతను తాపీగా అన్నాడు: “పైకి వేయమని మీరే అడిగారు కదా సార్. మా పీఆర్వో చెప్పాడు.”

టీచరును బస్సెక్కించడానికి ముగ్గురం బస్టాండుకు వచ్చాం. కోదాడ బస్సు రావడానికి టైముంది. మేఘన బెంచీ మీద నా కండువా కప్పుకుని నిద్రపోయింది. అప్పుడు అడిగారు, నాకు తెలిసిన ఆ పాత గొంతుతో, ఎట్లా వచ్చింది నీకు ఈ ఆలోచన అని. నేను దారంతా చెప్పాను. ఎక్కాలు వచ్చాయి కాబట్టి బుర్ర ఉందనుకున్నాను. బుర్ర ఉంది కాబట్టి ఒకటో తరగతి దండగ అనుకున్నాను. ఒక ఏడాది మిగిలితే అందరికంటే ముందుంటుందనుకున్నాను.

“ముందుండి?”

ఎదురుగా నిడమనూరు బస్సు కదిలిపోయింది. మూడో తరగతిలో పక్కవాడి పలకలో చూసి రాసినట్టే, ముందుండాలన్నదీ పక్క దుకాణంవాడి నోటి నుంచి దించుకున్నదే.

మర్నాడే మేఘనను ఆ బడి మాన్పించి, మా వీధి చివర చిన్న బడిలో ఒకటో తరగతిలో చేర్చాను. బజారంతా పరామర్శకు వచ్చింది. పిల్ల ఫెయిలైందటగా అని ఒకరు, ఏమన్నా జబ్బా అని ఇంకొకరు. ఇదే మనుషులు కార్బైడు పెట్టిన మామిడిపండును ముక్కు దగ్గర పెట్టుకుని, పచ్చికాయను మాగబెట్టాడని వ్యాపారిని బూతులు తిడతారు. పిల్లల దగ్గరికొచ్చేసరికి ఎవరు తొందరగా మాగబెడితే వాళ్ళకే వరస కట్టి డబ్బు పోస్తారు. నేనూ పోశాను, పైగా బేరమాడి మరీ. ఆ బడిని ఎంత తిట్టినా తనివి తీరదు. ఆ పువ్వు పేరు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. కానీ వాళ్ళు అమ్మిందే అమ్మారు. ఆ సరుకు కావాలని అడిగింది గల్లా వెనక కూర్చున్న నేను.

రూతు టీచరు పోయారు. ఆవిడను చివరిసారి చూసేనాటికి మేఘన ఏడో తరగతి. కడుపునొప్పి ఎప్పుడో పోయింది, లెక్కల్లో బాగానే ఉంది. నేను కోదాడ వెళ్ళింది ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడానికే. టీచరు మంచం మీద కూర్చుని, నీకు ఏం ఆట ఇష్టం అని మేఘనను అడిగారు. అది నా ముఖం చూసింది. తర్వాత టీచరు ముఖం చూసింది. ఇద్దరిలో ఎవరికి ఏ జవాబు కావాలో వెతుకుతోంది. నేను అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. ఆవిడ అర నిమిషంలో గమనించారు. ఏమీ అనకుండా పక్కనున్న పేపరు తీసి తన ముఖానికి అడ్డంగా పెట్టుకున్నారు. నన్ను గోడ వైపు తిరగమని చేత్తో సైగ చేశారు. గోడ మీది పెచ్చులు లెక్కబెట్టడం మొదలుపెట్టాను. చివరికి వెనక నుంచి చిన్నగా వినబడింది.

“నాకు ఊరికే కూర్చునుడు ఇష్టం.”

“బాగుంది. నాకూ అంతే,” అన్నారు టీచరు పేపరు చాటు నుంచే.

మేఘన ఇప్పుడు తొమ్మిదో తరగతి. దోసె కావాలా ఉప్మా కావాలా అన్నా ముందు నా ముఖమే చూస్తుంది. అందుకని ఏదైనా అడిగి వెంటనే అటు తిరిగి గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తాను. ఒక్కోసారి జవాబు వస్తుంది. ఒక్కోసారి సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతూ నిలబడతాను. ఆ బడికి కట్టిన ఫీజు ఎప్పుడో మరిచిపోయాను. నేను మిగిల్చానని చెప్పుకున్న ఏడాది మిగలనే లేదు. ఉన్నది ఉన్నట్టు లెక్క తీస్తే తేలేది ఇంతే: బేరమాడింది నేను, కడుతున్నది మేఘన, ఇంకా కడుతూనే ఉంది.