ముత్యం కారు వెనక సీటు

ముత్యం కారు కొన్న కొత్తలోనే దాని వెనక సీటు ఊడదీసి ఇంటి వరండాలో గోడకు ఆనించి వేశాడు. ఆ రోజు నుంచి ఆ సీటు అతని తల్లి వెంకటవ్వది. పొద్దున చాయ్ మొదలు రాత్రి అన్నం దాకా ఆమె దాని మీదే. సూరత్‌లో ఉధ్నా అనే పేటలోని మా గల్లీలోకి ఎవరు వచ్చినా, ఎవరు పోయినా ఆమె కంటబడక తప్పేది కాదు. ఎదురింట్లో ఉండేవాణ్ని, పైగా బడిపంతులుగా చేసి దిగిపోయినవాణ్ని, నాకు మరీ తప్పేది కాదు.

"ఏం సారూ, ఉత్త చేతులతోని వస్తున్నవ్. ఇయ్యాల కూర లేదా, ఉపాసమా?" అనేది.

ఆమెది జగిత్యాల దగ్గర పల్లె. మగడు పోయాక కొడుకును చంకనెత్తుకుని అన్నగారి వెంట సూరత్ వచ్చింది. ఇళ్ల ముందర కూర్చుని కండెలు చుట్టి పెంచింది. ముత్యానికి మగ్గం పని చేతికిచ్చింది కూడా ఆమే. మగ్గానికి పడుగు, అంటే నిలువు దారాలు, చుట్టిన బీము అనే దుంగ ఉంటుంది. దాని రెండు కొసలకూ గొలుసులు వేసి ఇనుప బరువులు వేలాడదీస్తారు. బరువు చాలకపోతే పడుగు వదులవుతుంది, గుడ్డ జాలీలా వస్తుంది. "ముందుగాల బరువు చూసుకో కొడుకా, తర్వాతనే మగ్గం ఇడువు" అని ఆమె చెప్పిన మాట ముత్యం నోటే ఎన్నోసార్లు విన్నాను.

ఏళ్ల తరబడి ఒకరి కింద నేసి నేసి చెవులు సగం పోగొట్టుకున్నాక, ముత్యం సొంతంగా కొన్ని మగ్గాలు పెట్టుకున్నాడు. ఆ తర్వాతే కారు. ఐదుగురు కూర్చునే చిన్న బండి, చౌకది, సీఎన్జీ మీద నడిచేది. గ్యాసు సిలిండరే డిక్కీ అంతా ఆక్రమించింది. భార్య పద్మారాణిని, తల్లిని కూర్చోబెట్టుకుని ఆదివారాలు డుమస్ సముద్రం దాకా పోవాలని కొన్నాడు. నాలుగు ఆదివారాలు పోయారు కూడా. ఆ తర్వాత ఊరి బయటి కడోదరా నుంచి దారం తేవాల్సి వచ్చింది, టెంపో దొరకలేదు, సీటు ఊడింది. ఇక ఆ కారులో మనుషుల కన్నా దారం అట్టపెట్టెలే ఎక్కువ తిరిగాయి.

పెట్టెలు నింపిన రోజు ఆ బండిని చూస్తే నవ్వొచ్చేది. వెనక భాగం నేలకు కూలబడి, ముక్కు పైకెత్తుకుని, లైట్లు రోడ్డు మీద కాక ఎదుటి మేడల మీద వేసుకుంటూ వచ్చేది. మా గల్లీలోనే గ్యారేజీ పెట్టుకున్న గంగారాం మాత్రం నవ్వేవాడు కాదు.

"ముత్యమన్నా, గిది ఐదుగురు మనుషుల బండి. అండ్ల సిలిండరు బరువు ముందే ఉన్నది. మీదికెళ్లి గిన్ని డబ్బలేస్తే ఎన్క స్ప్రింగులు కూసున్నయి. గుంజేది ముందటి టైర్లు, అవి తేలిపోతున్నయి. బ్రేకు కొట్టినంక బండి ఏడ ఆగుతున్నదో సూసినవా?" అన్నాడొకసారి, నా ముందే.

"ఆగుతనే ఉన్నది గద."

"సాపు రోడ్డు మీద ఆగుతది. ఎత్తు మీద వానల నిలబడ్డప్పుడు తెలుస్తది. క్లచ్ ప్లేటు గూడ అరిగిపోయింది, జర సూసుకో."

"మగ్గానికి బరువు తీసేస్తే పడుగు ఎగురుతది గంగారాం. బండి గూడ గంతే. బరువున్నప్పుడే రోడ్డును పట్టుకుంటది" అన్నాడు ముత్యం. అతనికి అది వాదన కాదు, తల్లి దగ్గర నేర్చుకున్న పని. గంగారాం చేతులు తుడుచుకుని తన పనిలో పడ్డాడు. 

ముత్యం మాటలో నిజం బొత్తిగా లేదని కూడా అనలేను. ఖాళీగా ఉన్నప్పుడు ఆ కారు మా రోడ్ల గుంతల్లో ఎగిరెగిరి పడేది. నిండుగా ఉంటే ఉయ్యాలలా మెత్తగా పోయేది. ఇది వెంకటవ్వకు బాగా తెలుసు. ముందటేడు స్నానాల గదిలో జారిపడి నడుము పూస దెబ్బతిన్నది. అప్పటి నుంచి ఆటో ఎక్కలేదు. దవాఖానాకు పోవాల్సినప్పుడల్లా "ఖాళీ బండ్ల తీస్కపోకు కొడుకా, నడుము ఇరుగుతది" అనేది. ముత్యం దారం తెచ్చిన రోజు చూసుకుని, పెట్టెలు దించకుండానే ఆమెను డాక్టరుకు చూపించుకొచ్చేవాడు. తల్లి కోసం బండికి బరువు కట్టిన కొడుకును నేను ఇతన్నే చూశాను.

పోయిన వానాకాలం ఒక పొద్దున ఆమెకు ఆయాసం ఎత్తుకుంది. పడుకుంటే ఊపిరి అందదు, లేస్తే నడుము నిలవదు. అంబులెన్సుకు ఫోన్ చేశారు. బయలుదేరిందన్నారు గాని, గల్లీ మొదట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. ముత్యం ఆగలేకపోయాడు. కారు ఇంటి ముందే ఉంది, ముందురోజు తెచ్చిన పెట్టెలతో సహా. అవన్నీ దించి పోదామని వెనక తలుపు తెరిచి ఒక పెట్టె దించాడు కూడా. వరండా స్తంభం పట్టుకుని నిలబడిన వెంకటవ్వ చెయ్యి ఊపింది.

"ఉండనియ్యి బిడ్డా. బరువుంటెనే నాకు నయం" అన్నది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ.

ముత్యం దించిన పెట్టెను మళ్లీ ఎక్కించాడు. ఆ సమయంలో పక్కన ఉన్నది పద్మారాణి ఒక్కతే. తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టారు, పద్మారాణి వెనక పెట్టెల సందులో ఒదిగింది. గల్లీ నీళ్లలోంచి బండి బయటపడటం నేను మా గుమ్మంలోంచి చూశాను. బాగానే పోయింది. అంతకు ముందుదీ, ఆ తర్వాతదీ పద్మారాణి చెప్పగా విన్నదే.

పెద్దాసుపత్రికి పోవాలంటే రైలు పట్టాల మీది వంతెన ఎక్కాలి. మగ్గాల షిఫ్టు మారే వేళ కావడంతో వంతెన నిండా సైకిళ్లు, ఆటోలు, టెంపోలు. సగం ఎత్తులో బండ్లన్నీ ఆగిపోయాయి. ముత్యం హ్యాండ్ బ్రేకు లాగాడు, అది పట్టలేదు, బండి వెనక్కి జారింది. క్లచ్ సగం నొక్కి పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు పెట్టి నిలబెట్టాడు. ముందరి బండ్లు కదిలేసరికి లోపల కాలిన వాసన నిండిపోయింది. ఇంజను మోత పెడుతోంది, బండి కదలదు. ముందు టైర్లు తడి రోడ్డు మీద ఊరికే గిరగిర తిరుగుతున్నాయి. వెంకటవ్వ కిటికీ అద్దానికి నుదురు ఆనించి ఊపిరి కోసం నోరు తెరుస్తోంది.

"ఏమయ్యా, డబ్బలు దించుదాం" అన్నది పద్మారాణి.

షిఫ్టు దిగి ఇళ్లకు పోతున్న మగ్గపు పనివాళ్లు అప్పటికే చుట్టూ చేరారు. ఒడియా వాళ్లు, యూపీ వాళ్లు, మనవాళ్లు. రాత్రంతా నిలబడి నేసి వచ్చిన మనుషులు. ఎవరూ చెప్పకుండానే పెట్టెలు చేతుల మీదుగా దించి వంతెన గోడ పక్కన పేర్చారు. అంతా దిగాక బండి రెండడుగులు వేసింది, మళ్లీ ఆగింది. క్లచ్ ఇంకేం పట్టే స్థితిలో లేదు. వాళ్లే భుజాలు ఆనించి దాన్ని వంతెన నెత్తి దాకా తోశారు. అవతలి వైపు దిగుడు కాబట్టి అది తనంతట తానే దొర్లుకుంటూ కిందనే ఉన్న ఆసుపత్రి గేటు దాకా పోయింది. ఖాళీ బండి దారి పొడుగునా ఎగిరెగిరి పడిందట. వెంకటవ్వ ఒక్కసారి కూడా మూలగలేదట.

గేటు దగ్గర ముత్యం అటువైపు తలుపు తెరిచేసరికి ఆమెలో ఊపిరి లేదు.

డాక్టరు కుర్రవాడు, మంచివాడు. ఇంకాస్త ముందు తెస్తే బతికేదా అని ముత్యం అడిగాడు. చెప్పలేమన్నాడు. బతికేదనో బతికేది కాదనో అతను ఒక మాట అనేసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సాయంత్రం గంగారాం వంతెన మీదికి పోతే పెట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తడవకుండా ఎవరో వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎగిరిపోకుండా ఇటుకలు కూడా పెట్టారు. ఒక్కటీ పోలేదు. పోతేనే బాగుండును అనుకున్నాను నేను, ఎందుకంటే అవి క్షేమంగా తిరిగొచ్చాక మా గల్లీకి నోరొచ్చింది. తల్లి ప్రాణం పోతున్నా దారం డబ్బలు దించబుద్ధి కాలేదని ఒకరు, లోభి అని మరొకరు. దినాలకు వచ్చి, అతను వడ్డించిన అన్నం తింటూనే అన్నారు. ఆ నోళ్లలో కొన్ని నా దగ్గర అక్షరాలు దిద్దుకున్నవి కావడం నాకు మరీ సిగ్గు. ముత్యం చెవులు సగమే పనిచేస్తాయి గాని, ఆ సగానికి ఇవన్నీ వినబడ్డాయి.

ఒకనాడు మా ఇళ్ల ముందరి పంపు దగ్గర ఈ మాటే మళ్లీ వస్తే పద్మారాణి బిందె కింద పెట్టి, "అసలు ఆ పొద్దు అత్తమ్మనే..." అని మొదలుపెట్టింది. వరండాలో ఉన్న ముత్యం లేచి వచ్చాడు.

"వద్దు" అన్నాడు. ఇంట్లోకి తీసుకుపోయాక చెప్పాడట, "అవ్వ మాట అవ్వతోనే పోనియ్యి. నడిపింది నేను. నాకే ఉండనియ్యి."

ఆమె నాకు చెప్పి ఏడ్చింది, ఎవరికీ చెప్పొద్దన్నది. చచ్చిపోయిన తల్లి మీద మాట పడకూడదని బతికున్నంత కాలం తనే మోయడానికి ముత్యం ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గంగారాం కొత్త క్లచ్ ప్లేటు వేశాక, ముత్యం వరండాలోని సీటును తీసుకొచ్చి కారులో బిగించాడు. ఇప్పుడు దారం టెంపోలో వస్తుంది. కారులో కూరగాయల సంచీ కూడా పెట్టనివ్వడు. గల్లీలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ ఖాళీ బండే పోతుంది. లోభి అన్నవాళ్లు కూడా ఎక్కారు. అతను ఎవరినీ ఒక్క మాట అనలేదు.

మొన్న నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ముందు తలుపు తెరవబోతే, "ఎన్క కూసో సారూ" అన్నాడు. వెనక సీట్లో వెంకటవ్వ కూర్చున్న చోటు ఇంకా పల్లంగానే ఉంది. ఆ చోటు వదిలి పక్కకు కూర్చున్నాను. వానకు రోడ్డంతా గుంతలు. మొదటి గుంతలో బండి ఎగిరిపడి నా తల పైకప్పుకు తగిలింది.

"దెబ్బ తాకిందా?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

లేదన్నాను. ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చాడు. ఆ తర్వాత నేను రోడ్డును చూడలేదు, అతని ఎడమ చేతినే చూస్తూ కూర్చున్నాను. గుంత వచ్చిన ప్రతిసారీ అది గేరు వదిలి, పక్కన ఖాళీగా ఉన్న సీటు మీదికి పోయి, ఎవరినో పడకుండా పట్టుకుంటోంది.