పిలకలు గిల్లిన వైపు

ఇది ఇంతకుముందు రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. మా అమ్మ పొగాకు పనికి పోతే చెల్లెల్ని చంకనేసుకుని తిరిగింది నేను. దానికి నడక వచ్చేసరికి నాకు చేలో పని వచ్చింది. పొగాకు మొక్కకి తల తుంచడం, తుంచాక ఆకు మొదట్లో పుట్టే పిలకలు గిల్లేయడం. చెల్లెలు బడికి పోయింది. ఫార్మసీ చదివి అమెరికా వచ్చింది. నా భర్త పోయిన కొన్నేళ్ళకి నన్నూ పిలిపించుకుంది. యాభై తొమ్మిదో ఏట, పిస్కాటవే అనే ఊళ్ళో, మా తెలుగు చర్చిలో ఆదివారాలు పిల్లలకి నడిపే తెలుగు క్లాసులో కూర్చుని అ ఆలు దిద్దాను. పక్కన కూర్చునే ఏడేళ్ళ పిల్ల నా పలక చూసి, "ఆంటీ, మీ 'ఖ' పడిపోతుంది" అనేది.

నేను రాయదలుచుకున్నది ఒక చెట్టు గురించి.

చెల్లెలు వాళ్ళు ఇల్లు కొన్నప్పుడు ముందు గోడ పొడుగునా పాత పొదలుండేవి. సన్నటి మెత్తటి ఆకులు, ముదురు ఆకుపచ్చ. వాటిని పీకించేశారు. అందులో ఒకటి నా తొడంత లావు మోడు. అది ఏం చెట్టో తెలుసుకుందామని పనివాడికి చూపించి, "నేమ్?" అన్నాను. "యూ" అన్నాడు. నన్నే అడుగుతున్నాడనుకుని నా పేరు చెప్పాను. అతను మోడుకేసి వేలు చూపించి మళ్ళీ "యూ" అన్నాడు. నేను మళ్ళీ నా పేరే చెప్పాను. చెట్టు పేరే అదని తెలిశాక ఇంట్లో వారం రోజులు నవ్వుకున్నారు.

మా మరిదికి, అంటే చెల్లెలి భర్తకి, అప్పుడే బోన్సాయ్ పిచ్చి పట్టింది. కొనుక్కొచ్చిన మూడు చిన్న మొక్కలూ ఇంట్లో పెట్టి ఎండగొట్టారు. నేను మోడు ఉంచమంటే, "వదినా, అది చచ్చిపోయింది, లారీ ఎక్కించనివ్వండి" అన్నారు. నేను వినలేదు. పాత ప్లాస్టిక్ డబ్బాకి అడుగున కన్నాలు పొడిచి అందులో పెట్టాను. అది బతికింది.

అన్యాయంగా మాట్లాడకూడదు. గులకరాళ్ళలాంటి ఆ మట్టి, కొమ్మలకి చుట్టే తీగ, తర్వాత కుండీ, అన్నీ ఆయన కొన్నవే. వీడియోలు చూసి నాకు తెలుగులో చెప్పింది కూడా ఆయనే. చెయ్యి మాత్రం నాది. ఎండాకాలం రోజుకి రెండుసార్లు నీళ్ళు పోసింది, మంచు పడితే గరాజ్‌లోకి ఈడ్చింది, తీగ చుట్టి కొమ్మ వంచింది నేను.

రెండో ఏడు కొమ్మలన్నీ పొట్టిగా కోశాం. కొన్ని వారాలకి ముసలి బెరడు మీద పచ్చటి చుక్కలు పొడుచుకొచ్చాయి. నా కంటికి అవి పిలకలు. చిన్నప్పటి చెయ్యి ఊరుకుంటుందా? ఒక వైపంతా శుభ్రంగా గిల్లేశాను. రెండో వైపుకి తిరిగేలోపు మా మరిది పరిగెత్తుకొచ్చారు.

"అయ్యో వదినా! మనకి కావలసింది అవే!"

ఆ వైపు మళ్ళీ చిగురు వెయ్యలేదు. ఎండిపోయింది. మరుసటేడు కూరల చాకుతో నేనే దాని బెరడు ఒలిచాను. కుళ్ళిన గుడ్ల వాసన వేసే ఏదో మందు బ్రష్షుతో రాస్తే కొయ్య ఎముకలా తెల్లబడింది. ఒక పక్క చావు, ఒక పక్క పచ్చదనం. నా పొరపాటే చెట్టుకి అందమైంది.

ఆయన చేరిన బోన్సాయ్ క్లబ్బు వాళ్ళు ఒకరోజు ఇంటి వెనక చెక్క డెక్ మీదున్న చెట్టుని చూడ్డానికి వచ్చారు. ఆ తెల్లటి వైపు చూపించి ఆయన ఇంగ్లీషులో ఏదో చెప్తుంటే అందరూ తలలూపుతున్నారు. ఏమంటున్నారని చెల్లెల్ని అడిగాను.

"ఆ వైపు తనే కావాలని ఎండగొట్టానంటున్నారు."

"నేను గిల్లితే కదే ఎండింది?"

"ఊరుకో అక్కా. వాళ్ళకి అలా చెప్తేనే బాగుంటుంది."

ఊరుకున్నాను. తర్వాత చెట్టు క్లబ్బు షోకి వెళ్ళింది. కుండీ ముందు చిన్న కార్డు పెట్టారు. దాని మీద ఏముందని అడిగితే, "మన పేరే, వదినా" అన్నారు మా మరిది. నా గుండె పొంగింది. కార్డు కనపడేలా చెట్టు పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, దాని మీద నా పేరుందని చెప్పి ఊళ్ళో అందరికీ పంపించాను. మరుసటేడు మళ్ళీ పంపించాను. అక్కడ ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కరూ నాకేమీ చెప్పలేదు.

మూడో షోకి ముందే, అడగ్గా అడగ్గా, మా తెలుగు టీచరు నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్పింది. ఆ ఆదివారం చర్చి అయ్యాక షోకి వెళ్ళాం. కార్డు ముందు నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. పైన చెట్టు పేరు. కింద మనిషి పేరు, రెండు మాటలు. రెండూ మా మరిదివే. తప్పు చదివానేమోనని మొదట్నుంచి మళ్ళీ చదివాను.

తిరిగొచ్చేటప్పుడు చెట్టు వెనక సీట్లో నా పక్కన, నా చెయ్యి కుండీ మీద.

"మరిదిగారూ, కార్డు చదివాను."

"వెరీ గుడ్ వదినా! చదివేశారా!" అన్నారు, నిజంగా సంతోషపడి.

"అందులో నా పేరు లేదు."

ఆయన బ్లింకరు వేసి కారు మలుపు తిప్పారు.

"క్లబ్ మెంబర్ని నేను కదా, ఒక్కరి పేరే వేస్తారు. అయినా అది మన ఇంటిపేరే కదా వదినా."

"నా ఇంటిపేరు అది కాదు."

చెల్లెలు వెనక్కి తిరక్కుండానే, "ఒక మొక్క కోసం ఏంటక్కా ఇది? ఏం తక్కువ చేశాం నీకు?" అంది.

"తక్కువ చేశారన్నానా? పేరు వెయ్యమన్నాను."

"నీకెలాగూ చదవడం రాదు కదా, పట్టించుకోవనుకున్నారు."

అది తిట్టాలని అన్న మాట కాదు. ఉన్నమాటే అంది, అదే నొప్పి. చిన్నప్పుడు దాన్ని ఎత్తుకుని తిరిగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"వచ్చే నెల పెద్ద షో ఉందన్నారుగా. దానికి నా పేరు వెయ్యండి" అన్నాను చివరికి.

"దానికి ఎంట్రీ ఇచ్చేశాను వదినా. ఇప్పుడు మారిస్తే ఏం బాగుంటుంది? తర్వాత చూద్దాం."

మర్నాడు పొద్దున్న ఇద్దరూ ఆఫీసులకి వెళ్ళాక టీచరుకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఇంటి నుంచే పని చేస్తుంది, పది నిమిషాల దూరం. కారు తెచ్చింది. ఇద్దరం చెట్టుని వెనక సీట్లో పెట్టి బెల్టు వేశాం.

"ఇంట్లో అడిగారా ఆంటీ?"

"నా చెట్టేనమ్మా."

వాళ్ళ డెక్ మీద, మధ్యాహ్నం నీడ పడే చోట దించాం. ఎన్ని నీళ్ళు పోయాలో, కొమ్మల మీద కొత్త చిగుళ్ళని ఎందుకు ముట్టుకోకూడదో చెప్పాను. పోటీకి ఇమ్మని ఎవరొచ్చి అడిగినా నాతో మాట్లాడమని చెప్పమన్నాను. తర్వాత ఆ అమ్మాయే నన్ను వెనక్కి దింపింది. మా డెక్ మీద చెట్టుండే ఖాళీ బల్ల తుడిచి, రాత్రి వంటకి శనగలు నానబోశాను.