అమ్మ చేతులను ఆపిన గీత

ఇవాళ సాయంత్రం బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మా ఇంట్లో ఒక వింత జరిగింది.

కాలేజీ ప్రాజెక్టు కోసం నాలుగు చిప్పులతో ఒక బోర్డు చేశాను. వేగంగా మారే వోల్టేజీని కొలవడం ఒక్క చిప్పు వల్ల కాదు కాబట్టి నాలుగూ వంతులవారీగా కొలుస్తాయి. చిక్కల్లా, ఏ రెండింటి కొలతా కలవదు. బ్యాటరీ తగిలిస్తే తిన్నగా రావాల్సిన గీత, కొలతలను గీసి చూపే స్కోపు తెర మీద మెట్లు మెట్లుగా వచ్చేది. రేపే కాలేజీలో సార్లకు చూపించాలి. ఏ చిప్పు ఎంత ఎక్కువ, ఎంత తక్కువ చెబుతోందో పట్టుకుని, ఆ తేడాను సరిచేసే స్విచ్ పెట్టి నొక్కాను. మెట్లు మాయమయ్యాయి!

పక్కనే బీడీలు చుడుతున్న అమ్మ తలెత్తింది. "అగో, ఎక్‌దమ్ సీదా అయింది గదనే! ఏం జేసినవ్?"

"నాలుగిటిని ఒక్క మాట మీదికి తెచ్చిన అమ్మా."

"మల్లొక్కపారి సూపియ్."

స్విచ్ తీస్తే మెట్లు, నొక్కితే గీత. "ఇంకొక్కపారి" అంది.

మాట్లాడుతున్నా, మాతో పోట్లాడుతున్నా అమ్మ చేతులు బీడీలు చుడుతూనే ఉంటాయి. ఇవాళ సగం చుట్టిన ఆకు ఆమె వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది. రేపు మా సార్లు ఇంతసేపు చూస్తారో లేదో! మీ ఇంట్లో ఆగని చేతులను ఎప్పుడైనా ఏదైనా ఆపిందా?