కన్నయ్యన్న క్యారమ్ బోర్డు నాలుగో మూల

2018లో, తమిళం మాట్లాడే మా ఊళ్ళో, ముత్తియాల్‌పేటలోని నా చెక్కల కొట్టులో, నలుగురి ముందు ఒక పెద్దాయన గురించి నేను తప్పు మాట అన్నాను. అన్నప్పుడు అది తప్పని నాకు తెలియదు. ఆ సాయంత్రానికే తెలిసింది. తెలిశాక కూడా నోరు విప్పలేదు. నా పని గురించి అడిగినవాళ్ళకు ఇన్నేళ్ళలో ఎన్నో సంగతులు చెప్పాను గానీ ఇది మాత్రం దాచుకున్నాను.

నా కొట్టు చిన్నది. ఇంట్లో సొంతంగా ఒక అరో, స్టూలో చేసుకోవాలని సరదాపడేవాళ్ళకు ప్లైవుడ్, టేకు పట్టీలు కోసి అమ్ముతాను. కావలసినవాళ్ళకు ప్లాన్ గీసిస్తాను. ప్లాన్ అంటే బొమ్మ ఒక్కటే కాదు. ఏ ముక్క ఎంత పొడవు, ఏది ముందు కోయాలి, ఏది చివర అతికించాలి, అంతా అందులో ఉంటుంది. వాటితోపాటు జిగ్గులు అరువిస్తాను. జిగ్ అంటే రంపాన్ని దారి తప్పకుండా నడిపించే కర్ర చట్రం. అందులో పట్టీ బిగించి కోస్తే ఎన్నిసార్లు కోసినా ఒకే కోణంలో తెగుతుంది. పని రాని చేతికి కూడా నమ్మకం ఇస్తుంది. నా జిగ్గుల మీద నాకు గర్వం ఎక్కువ. ఆదివారాలు కొట్టు వెనక రేకుల కింద క్లాసు పెట్టి ఆ గర్వాన్నే పాఠంగా చెప్పేవాణ్ణి.

కన్నయ్యన్న ముదలియార్‌పేటలో ఉండేవాడు. మిల్లులో నేత పని చేశాడు. మిల్లు మూతపడింది, తర్వాత భార్య పోయింది. మొదటిసారి వచ్చిన రోజు లోపలికి రాకుండా నా కొట్టు పేరుపలక కింద నిలబడి తలెత్తి చూస్తున్నాడు. తమిళం, ఇంగ్లీషు కింద చిన్నగా తెలుగులో కూడా రాయించుకున్నాను. చిన్నప్పుడు నెల్లూరులో మేనమామ ఇంట్లో నేర్చుకున్న అక్షరాలు అవి.

“కింద రాసింది ఏ భాష తమ్ముడూ?”

“మన తెలుగే అన్నా.”

“మన తెలుక్కి అచ్చరాలు గూడా ఉండాయా! ఇంట్లో మాట్లాడుకునేదానికి మాత్రమే అనుకుంటిని.”

అప్పటినుంచి మధ్యాహ్నాలు వచ్చేవాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక నాతో తెలుగులో మాట్లాడే మనిషి లేడు. కన్నయ్యన్న వచ్చి బల్ల మీద కూర్చుని “ఏంది తమ్ముడూ, తిన్నావా?” అంటే, ఆ పూట నాకు తోడు దొరికినట్టే ఉండేది.

ఒకరోజు తనకు క్యారమ్ బోర్డు చెయ్యాలని ఉందన్నాడు.

“అంగట్లో మంచివి దొరుకుతాయి గదన్నా.”

“కొన్న బోర్డుకి ఎవుడొస్తాడు? నేను చేసినానంటే నవ్వేదానికన్నా వస్తారు గదా.” బల్ల మీది పొట్టు తుడుస్తూ అన్నాడు, “మిల్లు ఉండేటప్పుడు షిఫ్టు దిగినాక మా క్లబ్బులో ఒకటే గలాటా. నేనూ, సెల్వమూ, దాసూ. ఇప్పుడు ఎవుడింట్లో వాడు టీవీ ముందర పడుండాడు. నా ఇంటి ముందర తిన్నె ఖాళీగానే ఉండాది. దాని మీద బోర్డు ఒకటి పడితే సాయంత్రాలు మనుషులు వస్తారు.”

ఆయనకు కావలసింది బోర్డు కాదని నాకు ఆ రోజే అర్థమైంది.

ప్లాన్ గీసిచ్చాను. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. క్యారమ్ బోర్డులో కష్టమంతా చుట్టూ ఉండే చట్రంలో ఉంటుంది. నాలుగు పట్టీల కొనల్నీ సగం మూలకు, అంటే నలభై అయిదు డిగ్రీలకు కోసి జత చెయ్యాలి. దీన్ని మైటర్ అంటారు. అందుకోసం నా మైటర్ జిగ్ ఇచ్చాను. అందులో ఫెన్స్ అనే అడ్డపట్టీ ఉంటుంది. కర్రను దానికి ఆనించి ఒక కొన కోసి, తిప్పి రెండో కొన కోస్తారు.

ఆయన తొందరపడలేదు. చిత్రిక పట్టడం నేర్చుకున్నాడు, రంపం తనే కొనుక్కున్నాడు. చేతులకు రంపపు పొట్టుతోనే బస్సెక్కి వచ్చి, “కండక్టరు నన్ను వడ్రంగి అనుకోని ఆచారీ అంటాండాడు!” అని మురిసిపోయాడు.

ఒక ఆదివారం నా క్లాసు నడుస్తుండగా కొట్టు ముందు ఆటో ఆగింది. కన్నయ్యన్న, సెల్వం, దాసు ముగ్గురూ బోర్డు మోసుకుంటూ లోపలికి వచ్చారు. బల్ల మీద పెట్టగానే కనిపించింది. మూడు మూలలు బాగా కలిశాయి. నాలుగోది నోరు తెరిచింది.

“ఈ సందులో మన ముదలియార్‌పేట బస్సు తిప్పుకోవచ్చు,” అన్నాడు దాసు.

“స్ట్రైకర్ ఆ మూలకి పోతే రిటైర్ అయిపోతాది, తిరిగి రాదు,” అన్నాడు సెల్వం.

క్లాసులో అందరూ నవ్వారు. కన్నయ్యన్న కూడా నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వే చెప్పు తమ్ముడూ. నీ జిగ్గులో పెట్టే కోసినా. యాడ తప్పు? ఈళ్ళు నమ్మడంలా,” అన్నాడు.

అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. కాసేపటి ముందే వాళ్ళకు జిగ్ గొప్పతనం చెప్పి ఉన్నాను.

“జిగ్గు తప్పు చెయ్యదన్నా. కోసేటప్పుడు చెయ్యి కదిలుంటాది,” అన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. “వయసు కూడా కదా,” అన్నాను.

“వయసంటరా కన్నా! ఇంక కూర్చో!” అని దాసు ఆయన వీపు మీద చరిచాడు. కన్నయ్యన్న తన అరచేతులు ఒకసారి చూసుకున్నాడు. “అట్లే ఉంటాది,” అని, సంచిలో తెచ్చిన జిగ్గు నా చేతిలో పెట్టేసి బోర్డు ఎత్తుకున్నాడు.

క్లాసు అయ్యాక, ఎందుకో మనసు ఒప్పక, ఆ జిగ్గులో రెండు ముక్కలు కోశాను. ఎదురెదురుగా ఆనించి, మూల సరిగ్గా తొంభై డిగ్రీలుందో లేదో చూపే మూలమట్టం పెట్టాను. మట్టానికీ కర్రకూ మధ్య వెలుతురు కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. పాత ఫ్రెంచి ఇళ్ళుండే వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌కి ఆరుమూలల అద్దం చట్రం చేసినప్పుడు ఆ ఫెన్స్ విప్పి వేరే కోణానికి మార్చాను. పని అయ్యాక పాత పెన్సిల్ గీత చూసి కంటి అంచనాతో బిగించేశాను. మట్టం పెట్టి చూడకుండానే కన్నయ్యన్నకు ఇచ్చాను.

ఒక్కో కోతలో తేడా వెంట్రుకవాసే. కానీ కొనలు ఎనిమిది. మూడు మూలల్ని బలవంతంగా దగ్గరికి నొక్కి అతికిస్తే, ఆ తేడాలన్నీ పోగై నాలుగో మూల దగ్గర బయటపడతాయి. ఆయన చెయ్యి వణికి ఉంటే ఒక్కో కోత ఒక్కో రకంగా ఉండేది. ఎనిమిదీ ఒకే రకంగా తప్పాయంటే, ఆయన చెయ్యి ఎంత నిలకడగా పనిచేసిందో అదే సాక్ష్యం. వృత్తి తెలిసినవాణ్ణి, ఆ సంగతి బోర్డు చూడగానే నాకు తట్టాలి. తట్టనివ్వలేదు.

ఫెన్స్ సరిచేసి బిగించాను. మరుసటి ఆదివారం నుంచి క్లాసులో కొత్త నియమం పెట్టాను. జిగ్ వాడే ముందు రెండు ముక్కలు కోసి మట్టం పెట్టి చూడాలి, దాన్ని టెస్ట్ కట్ అంటారని చెప్పాను. ఆ నియమం ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. కన్నయ్యన్న వస్తే చెబుదామనుకున్నాను. ఆయన రాలేదు. రేపు పోదాం అనుకుంటూ వాయిదా వేశాను. ఆలస్యమైన కొద్దీ పోవడం మరింత కష్టమైంది. తర్వాత కరోనా వచ్చి అందరి తలుపులూ మూసింది. మధ్యాహ్నాలు కొట్టులో ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి. నాతో మాట్లాడే ఒక్క మనిషినీ నేనే పంపేశాను.

పోయిన ఏడాది ముదలియార్‌పేటలో ఒక ఇంటికి ప్లైవుడ్ దించడానికి వెళ్ళి, కన్నయ్యన్న ఇల్లు పక్క వీధే కదా అని అటు నడిచాను. తిన్నె మీద కన్నయ్యన్న ఒక్కడే ఉన్నాడు. ఇంటి పక్కన నీళ్ళ డ్రమ్ము మీద మూతగా ఆ బోర్డు పడి ఉంది. ఎండకూ వానకూ ఉబ్బి పొరలు లేచింది.

“అరె, తమ్ముడా! రా, కూర్చో.” లోపలికి పోయి నిండా నీళ్ళున్న లోటా తెచ్చిచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

“రంపం, చిత్రిక యాడున్నాయన్నా?”

“ఎవురికో ఇచ్చేస్తి. చెయ్యి వణికేటోడికి రంపం ఏంటికి?”

ఇక ఆగలేకపోయాను. ఫెన్స్ సంగతి, గెస్ట్‌హౌస్ పని, మట్టం కింద కనిపించిన వెలుతురు, అన్నీ చెప్పేశాను.

“అప్పుడు నా చెయ్యి బాగనే ఉండెనా?” అన్నాడు చివరికి.

“బాగుండె అన్నా.”

“గడ్డం గీసుకునేదానికి గూడా భయపడి మంగలి అంగడికి పోతాండా, ఇన్నేండ్లుగా.” కోపం లేకుండా అన్నాడు. కోపపడి ఉంటే నాకు తేలికయ్యేది.

“మీవాళ్ళు వస్తుంటారా?”

“ఏంటికొస్తారు? ఆ పొద్దు నవ్వినారు, పోయినారు. వాళ్ళు మళ్ళా పిలిస్తే నేనే పోలేదు, స్ట్రైకర్ కొట్టేటప్పుడు నా చెయ్యి చూస్తారని. సెల్వం కరోనాలో పోయె. దాసు మిల్లు గేటు కాడ టీ అంగట్లో కూర్చుంటాడు.”

“తప్పయిపోయిందన్నా,” అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “నా చెవిలో చెప్తే ఎట్ల తమ్ముడూ? ఆ పొద్దు నువ్వు పదిమందిలో గదా అన్న్యావు.”

ఆయన న్యాయంగానే అడిగాడు. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదే. తప్పుగా బిగించిన జిగ్ ఎన్ని ముక్కలు కోస్తుందో అన్నీ వంకరే. ఫెన్స్ ఒక్కటి సరిచేసి ఊరుకుంటే, అప్పటికే తెగిన ముక్కలు సరికావు. ఒక్కొక్కటీ వెతికి తీసి మళ్ళీ పని పట్టాలి. సెల్వం విషయంలో నాకు ఆ అవకాశం లేదు.

ఇద్దరం నడుచుకుంటూ టీ అంగడికి వెళ్ళాం. దాసు బెంచీ మీద మరో ఇద్దరు పాత మిల్లువాళ్ళతో కూర్చుని ఉన్నాడు. కన్నయ్యన్నను చూసి, “ఏంరా ఆచారీ, దారి తప్పినావా?” అన్నాడు. కన్నయ్యన్న పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

నేను నిలబడే చెప్పాను. “దాసన్నా, ఆ పొద్దు కన్నయ్యన్న చెయ్యి కదల్లేదు. నేను మట్టం చూడకుండా వంకర జిగ్గు ఇచ్చినా. ఆ సంగతి నాకు ఆ సాయంత్రమే తెలుసు. క్లాసులో పేరు పోతాదని ఇన్నేండ్లు నోరు మూసుకుంటిని. సెల్వమన్నకు చెప్పే భాగ్యం లేదు, మీకు చెప్తాండా. తప్పు నాది. కన్నయ్యన్నా, అందరి ముందర నీ చేతిని అన్న్యాను. అందరి ముందరే అడుగుతాండా, నన్ను క్షమించు.”