బాపిరాజు గారి ఉడుకు కారు

ఆ వేసవిలో వనస్థలిపురంలో బాపిరాజు గారిది ఉడుకు కారని పేరు పడిపోయింది. అందులో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లినవాడు దిగేసరికి ఒక సైజు చిక్కిపోయేవాడు. డ్యాష్‌బోర్డు మీది వినాయకుడికి చెమట పట్టిందనీ, తుడవగా తుడవగా తొండం అరిగిపోయిందనీ కాలనీలో చెప్పుకునేవారు. ఏసీ వేస్తే వచ్చే గాలి, ముసలాయన టీ ఊదుకుంటున్నట్టు ఉండేది. ఒకరోజు బాపిరాజు గారు ఆ గాలికి జ్వరం చూసే థర్మామీటరు పెట్టారు. అది కీచుకీచుమని అరిచి, కారుకు జ్వరమని తేల్చింది.

ఆయన కైకలూరు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెబుతూ తల నెరిపించుకున్న మనిషి. ఇంట్లో ఏ కూర వండాలో, టీవీలో ఏది చూడాలో, ఎవరి పెళ్లికి వెళ్లాలో భార్య హనుమాయమ్మ గారే తేలుస్తారు. కారులో మాత్రం స్టీరింగు ఆయనది, పాటలు ఆయనవి, దారి ఆయనది. అందుకే ఆ కారంటే ఆయనకు ప్రాణం.

ఆ ప్రాణానికే ముప్పొచ్చింది. ఒక పెళ్లికి వెళ్లివస్తుంటే దారిలో పట్టుచీర ఒంటికి అతుక్కుపోయిన కోపంలో హనుమాయమ్మ గారు తమ్ముడు శ్రీరామమూర్తికి ఫోన్ చేసి, ఆదివారం వచ్చి కారు పట్టుకుపొమ్మన్నారు. ఈలోగా చల్లగాలి వస్తే ఆలోచిస్తానని భర్తకు మాటిచ్చారు. ఆవిడ ఆలోచించడమంటే మామూలు విషయం కాదు.

బాపిరాజు గారు మెకానిక్కుల చుట్టూ తిరిగారు. ఒకడు గ్యాస్ అయిపోయిందని ఎక్కించాడు. వేడి ఉన్నచోటే ఉంది. ఇంకొకడు కంప్రెసర్ పోయిందన్నాడు. నాగోల్‌లో ఒకాయనైతే బానెట్ కూడా ఎత్తకుండా, నల్ల బండి ఎండ తాగుతుంది కాబట్టి తెల్లరంగు వేయించమన్నాడు. బాపిరాజు గారు ఆ సంగతి కూడా కాసేపు నిజంగానే ఆలోచించారు.

చివరి ఆశగా శనివారం ఎల్బీనగర్‌లో సైదులు షెడ్డుకు బయలుదేరారు. మొగుడూ మెకానిక్కూ కలిసి తనను బురిడీ కొట్టించకుండా హనుమాయమ్మ గారు కూడా వెంట వచ్చారు. సైదులుది నల్గొండ దగ్గర పల్లె. బండిని చూడకముందే రోగం చెప్పే అలవాటు వల్ల అతనికి పేరూ వచ్చింది, తిట్లూ వచ్చాయి.

“గ్యాస్ అయిపోయింది సార్,” అన్నాడు, కారు ఇంకా ఆగకముందే.

“నిన్ననే ఎక్కించామయ్యా.”

“అయితే గ్యాస్ ఎక్కువైంది.”

హనుమాయమ్మ గారు భర్త వైపు చూశారు. ఆ చూపుకు సైదులు కూడా కాస్త తగ్గి, బానెట్ ఎత్తి, ఏసీ వేయించి, ఇంజను పక్కనున్న పైపు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“జర మీరు పట్టున్రి సార్. మంచుగడ్డ లెక్కున్నది. సల్లదనం మంచిగనే తయారైతున్నది, గాలే లోపలికి ఒస్తలేదు. నడుమల ఏందో అడ్డం పడ్డది.”

ఆ అడ్డం సంగతి చూద్దామని ఫ్యాను వేగం ఒక్కసారిగా పెంచాడు. లోపల ఏదో కుయ్యోమంది. తరవాత గుప్పుమని పొడి ఎగజిమ్మింది. సైదులు తుమ్మాడు. బాపిరాజు గారు తుమ్మారు. పక్క టీకొట్టులో అందరూ తుమ్మారు. ఆ ధాటికి చౌరస్తాలో ఎర్రలైటు పచ్చగా మారిందని చూసినవాళ్లు ఒట్టేసి చెబుతారు.

హనుమాయమ్మ గారు మాత్రం తుమ్మలేదు. వంగి, ఆ పొడి వేలికి అద్దుకుని వాసన చూశారు.

“ఇంగువ,” అన్నారు. “నా ఇంగువే. ఇంత ఘాటు ఇంకెవరింట్లోనూ ఉండదు.”

సైదులు గ్లోవ్‌బాక్సు ఊడదీసి, వెనక గాలిని వడకట్టే ఫిల్టరు లాగాడు. ఎలుక కొరికిన ఆ ఫిల్టరుతో పాటు గుమ్మడి వడియాలు జలజలా రాలాయి. వాటి నడుమ పాత పంచె పీలికలతో పరుపు కూడా వేసి ఉంది. అందులోంచి దిగి వెళ్లిన ఎలుక స్వెట్టర్ తొడుక్కుని ఉందని సైదులు నేటికీ చెబుతాడు.

“ఎండకాలమంతా ఎలుక ఏసీల ఉన్నది సార్. మీరే ఉడికిన్రు.”

అపార్టుమెంటు డాబా మీద సోలార్ పలకలు వెలిశాక, హనుమాయమ్మ గారు వీధిలో ఎండన నిలిపిన కారు బానెట్ మీదే తడిపంచె పరిచి వడియాలు పెడుతున్నారు. ఎండాక ఒలిచేటప్పుడు రాలినవి వైపర్ల దగ్గరి సందుల్లో పడేవి. మిగతా పని ఎలుక చూసుకుంది. బాపిరాజు గారు రోజూ ఆ వడియాలను చూస్తూనే ఉన్నారు. కారు మీద వడియాలు, కారులో వేడి. ఆ రెంటినీ కలిపి చూడాలని మాత్రం లెక్కల మాస్టారికి తట్టలేదు.

ఇన్నేళ్ల కాపురంలో తప్పు ఆవిడ వైపు తేలడం ఇదే మొదలు. అనుభవం లేక ఏమనాలో తెలియలేదు ఆయనకు. నోరు తెరిచేలోపే ఆవిడ అందుకున్నారు.

“అలా చూస్తారేమిటండీ? పప్పన్నంలోకి రోజూ వడియాలు కావాలని ప్రాణం తీసేదెవరు?”

సైదులు లోపలంతా శుభ్రం చేసి, కొత్త ఫిల్టరు వేశాడు. తిరుగుదారిలో హనుమాయమ్మ గారు భుజాల చుట్టూ కొంగు కప్పుకున్నారు. ఏసీ తగ్గించమన్నా బాపిరాజు గారికి వినపడలేదు.

ఆదివారం శ్రీరామమూర్తి వచ్చాడు. కారెక్కి, ఏసీ వేయించుకుని, కళ్లు మూసుకుని, ఇక దిగనన్నాడు. ఇంత చల్లటి కారు ఇస్తున్నందుకు అక్కను మెచ్చుకున్నాడు. వేడిగా ఉంటే భార్య ఉంచదు, చల్లగా ఉంటే బావమరిది వదలడు. బాపిరాజు గారు, ఆలోచిస్తానన్న మనిషి ముఖంలోకి ఆశగా చూశారు.

హనుమాయమ్మ గారు కాసేపు ఎండకేసి, కాసేపు బానెట్ కేసి చూశారు.

“దిగరా,” అన్నారు. “కారు ఇవ్వను.”

“మాటిచ్చావు కదే అక్కా?”

“ఇచ్చాను. మినప్పప్పు కూడా నానబోశాను. కారు నువ్వు పట్టుకుపోతే వడియాలు నీ నెత్తిన పెట్టుకోనా?”

శ్రీరామమూర్తి వడియాల పొట్లం ఒళ్లో పెట్టుకుని మెట్రోలో వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బాపిరాజు గారు ఎవరూ చెప్పకుండానే కారును నీడలోంచి ఎండలోకి తిప్పారు. వైపర్ల దగ్గరి సందులన్నింటికీ వరసగా టేపు అంటించారు. హనుమాయమ్మ గారు పిండి గిన్నెతో దిగి వచ్చేసరికి, తడిపంచె ఒక కొస పట్టుకుని రెండో కొస ఆవిడకు అందించడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు.